పాత యంత్రము, క్రొత్త విడుదల: లినక్సు చరిత్రము



కంప్యూటరు ఇప్పుడు మన పల్లెలలో సయితము వింతవస్తువు కాదు. పిల్లల చదువుకొఱకు కొన్నది యొకటి, పట్టణమందలి కుమారుడు క్రొత్తది కొనుక్కొని యింటికి పంపిన పాతది యొకటి, ఏ యింటనో యుండనే యుండును. 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు సంస్థవారు తమ విండోసు 10కు సాధారణ పోషణమును ముగించిరి. తరువాతిదగు విండోసు 11 అనేకములైన పాత యంత్రములను అంగీకరింపదు. మీటలు చక్కగా పనిచేయుచున్నవి, తెర వెలుగుచున్నది, అయినను యంత్రమునకు కాలము చెల్లినదని చెప్పుచున్నారు. అట్టివేళ చదువుకొన్న కుఱ్ఱవాడెవడో వచ్చి, దీనిలో లినక్సు వేసికొందము, దానికి వెల లేదు అని చెప్పును.

వేసి చూచినపుడు ఒక యింట అన్నియు చక్కగా నడచును. ప్రక్కయింట వైఫై కానరాదు. లేక శబ్దము వినరాదు. మొదటివారు లినక్సు వంటిది లేదందురు. రెండవవారు అది పనికిమాలినదందురు. ఇరువురును తమ యనుభవమునే చెప్పుచున్నారు గాని కారణము నెఱుగరు. ఆ కారణము చాలవఱకు ఒక్క మాటలో నున్నది. అది కాలము. యంత్రము ఏ యేట పుట్టినది, అందు వేసిన లినక్సు ఏ నెలలో వెలువడినది, ఈ రెండింటి పొత్తునుబట్టియే ఫలము కలుగును. ఈ సంగతి యెట్లేర్పడినదో దాని చరిత్రమువలన తెలిసికొందము.

ముందుగా రెండు మాటల యర్థము తెలియవలెను. మొదటిది కెర్నెలు. ఆంగ్లమున ఆ మాటకు గింజలోని పప్పు అని యర్థము. మనము వ్రాయు, చదువు, చూచు పనులు చేయు ప్రోగ్రాములు పైపొట్టు వంటివి. వాటికిని యంత్రభాగములకును నడుమ నుండి, వీటి కోరికను వాటికి తెలిపి పని చేయించునది కెర్నెలు. లినక్సు అను పేరు నిజమునకు ఈ కెర్నెలుదే. రెండవది డ్రైవరు. కెర్నెలు ఒక్కొక్క పరికరముతో మాటలాడుటకు కావలసిన ప్రత్యేకజ్ఞానమే డ్రైవరు.

మనుష్యునకు ఇంటిపేరును పేరును ఉన్నట్లు, యంత్రములోని వైఫై పలకకును చిత్రపు పలకకును రెండేసి సంఖ్యలుండును. ఒకటి చేసిన సంస్థను, రెండవది వస్తువును తెలుపును. యంత్రము మేల్కొనగానే కెర్నెలు ఈ సంఖ్యలనడిగి తన పట్టికలో వెదకుకొనును. దొరకినచో తగిన డ్రైవరును నియోగించును. దొరకనిచో ఆ పరికరము బాగుగనే యున్నను మూగదై కూర్చుండును. 1885లో అచ్చయిన శబ్దరత్నాకరమున రేడియో అను మాటకొఱకు వెదకినచో దొరకునా? అది నిఘంటుకారుని లోపమును గాదు, మాట లోపమును గాదు. పుస్తకము ముందు పుట్టినది, మాట తరువాత వచ్చినది. కెర్నెలు సంగతియు నట్టిదే.

ఈ కథకు బీజము ఒక అచ్చుయంత్రమువలన పడినది. 1980వ సంవత్సర ప్రాంతమున అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమున రిచర్డు స్టాల్మను అను ప్రోగ్రాముకర్త పనిచేయుచుండెను. అచ్చటి పాత ప్రింటరులో కాగితము చిక్కుకొన్నపుడల్లా ఎల్లరకును తెలియునట్లు అతడు దాని ప్రోగ్రామును సవరించియుండెను. పిమ్మట జిరాక్సు సంస్థవారి క్రొత్త లేసరు ప్రింటరు వచ్చెను. దాని ప్రోగ్రాము మూలము ఎవ్వరికిని చూపబడదయ్యెను. ఆ మూలము కలిగియున్న వేఱొక విద్యాలయపు పండితుని అడుగగా, ఇతరులకు చూపనని మాట యిచ్చితినని ఆయన నిరాకరించెను. తన యెదుట నున్న యంత్రమును తాను బాగుచేసికొనుటకు వీలులేకపోవుట స్టాల్మను మనస్సున నాటుకొనెను. 1983 సెప్టెంబరులో అతడు గ్నూ అను ఉద్యమమును ప్రకటించెను. ప్రోగ్రాము మూలమును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును, పంచునపుడు పుచ్చుకొన్నవారికిని అదే హక్కు నీయవలెను అనునది ఆ యుద్యమము లైసెన్సునందలి ప్రధాననియమము.

గ్నూవారు పనిముట్లను పెక్కింటిని సిద్ధపఱచిరి గాని కెర్నెలు మాత్రము ఆలస్యమయ్యెను. ఆ కొఱతను తీర్చినవాడు ఫిన్లండు దేశీయుడు. హెల్సింకీ విశ్వవిద్యాలయమున చదువుచున్న లీనస్ టోర్వాల్డ్సు 1991 జనవరిలో ఇంటెలు 386 ప్రాసెసరు గల యంత్రము నొకదానిని వాయిదాల మీద కొనెను. ఆమ్‌స్టర్డాములోని ఆచార్యుడు ఆండ్రూ టానెన్‌బామ్ విద్యార్థుల కొఱకు 1987లో వెలువరించిన మినిక్సు అను చిన్న సిస్టమును దానిలో వేసికొని, తృప్తి చాలక తానే యొక కెర్నెలును వ్రాయ మొదలిడెను. 1991 ఆగస్టు 25న దానినిగూర్చి ప్రకటించుచు, ఇది వినోదార్థమైన పని యనియు, తనకున్న తరహా హార్డుడిస్కునకు తప్ప ఇతరములకు బహుశః ఎన్నడును పనికిరాదనియు తెలిపెను. ఏలయన, అతనికున్న యంత్రమొక్కటే. తన చేతిలో లేని వస్తువునకు డ్రైవరును వ్రాసి పరీక్షించుటెట్లు?

ఆ మాట నిలువలేదు. సెప్టెంబరు 17న మొదటి ప్రతి 0.01 సంఖ్యతో వెలువడెను. 1992లో టోర్వాల్డ్సు తన కెర్నెలును గ్నూవారి లైసెన్సు క్రిందికి తెచ్చెను. ఇక దేశదేశములవారును తమ తమ యంత్రములతో ప్రయత్నించి, పనిచేయని పరికరమునకు తామే డ్రైవరు వ్రాసి పంపజొచ్చిరి. 1994 మార్చి 14న వెలువడిన 1.0 ప్రతిలో సుమారు 1,76,000 పంక్తులుండెను. 1995 నాటి 1.2 ప్రతి ఇంటెలు కుటుంబము గాక ఆల్ఫా, స్పార్కు, మిప్సు అను ప్రాసెసర్లను గుఱుతించెను. నేడు కెర్నెలు మూడు కోట్ల పంక్తులకు మించినది. అందు సగమునకు పైగా డ్రైవర్లే. ఒక్కరి మేధస్సు దీనిని పెంచలేదు. ఎవరి యింటిలోని పరికరమును వారు ఆదుకొనుటచేత ఇది పెరిగినది.

కెర్నెలు ఒక్కటియే యున్న మాత్రమున సామాన్యునకు ప్రయోజనము లేదు. దానికి పనిముట్లను, తెరను, వ్రాతసామగ్రిని జోడించి యొక్క కూర్పుగా నిచ్చునవి డిస్ట్రిబ్యూషనులు. 1993 జులైలో స్లాక్‌వేరును, ఆగస్టులో ఇయను మర్డాకు ప్రారంభించిన డెబియనును పుట్టెను. ఉబుంటు 2004 అక్టోబరులో వచ్చెను. అందువలన నూతనుడు రెండు కాలములను గమనింపవలసియున్నది. కెర్నెలు వెలువడు కాలమొకటి, దానిని కూర్చుకొన్న డిస్ట్రిబ్యూషను వెలువడు కాలమొకటి.

మొదట కెర్నెలు కాలమును చూతము. పూర్వము నడిమి సంఖ్య సరియైనచో స్థిరమైన ప్రతియనియు, బేసియైనచో ప్రయోగదశలోనిదనియు ఏర్పాటుండెను. 2.2 జనవరి 1999లోను, 2.4 జనవరి 2001లోను, 2.6 డిసెంబరు 2003లోను వెలువడెను. అనగా 2.4 మొదలు 2.6 వఱకు ఇంచుమించు మూడేండ్లు గడచెను. ఆ నడుమ అంగడికి వచ్చిన పరికరముల గతి యేమి? వాటికి తగిన డ్రైవర్లు బేసిసంఖ్యల ప్రతులలో చేరుచుండెను గాని స్థిరప్రతిని నమ్ముకొన్న సామాన్యునకు అందకుండెను. డిస్ట్రిబ్యూషనులవారు క్రొత్త డ్రైవర్లను వెనుకటి కెర్నెలునకు అతుకులు వేసి యిచ్చుచు కాలము గడుపుచుండిరి. ఒకరి అతుకు వేఱొకరి అతుకుతో పొసగకుండెను.

ఈ బాధ గమనించి 2.6 తరువాత పద్ధతిని మార్చిరి. ఇప్పుడు తొమ్మిది పది వారముల కొక క్రొత్త కెర్నెలు వెలువడుచున్నది. మొదటి రెండు వారములు క్రొత్త డ్రైవర్లను మార్పులను స్వీకరింతురు. పిమ్మట ద్వారము మూసి, వారమున కొక పరీక్షాప్రతిని విడుదల చేయుచు దోషములను సవరింతురు. ఏ డ్రైవరైనను నేటి బండికి అందనిచో ఎదురుచూడవలసినది రెండు మూడు మాసములే గాని మూడేండ్లు గాదు. ఇంకొక మాట. ఇప్పటి మొదటి సంఖ్యలలో విశేషార్థము లేదు. 2011లో 3.0 అనియు, 2015లో 4.0 అనియు, 2019లో 5.0 అనియు, 2022లో 6.0 అనియు మార్చుటకు కారణము వెనుకటి సంఖ్యలు పెద్దవగుటయే. సంఖ్య మాఱినదని భయపడనక్కఱలేదు, ఉప్పొంగనక్కఱయు లేదు.

ఇక డిస్ట్రిబ్యూషనుల కాలము. ఉబుంటువారు పంచాంగకర్తల వలె నియతముగా ఏటేట ఏప్రిలునందును అక్టోబరునందును విడుదల చేయుదురు. సంఖ్యయే తేదీని చెప్పును. 22.04 అనగా 2022వ సంవత్సరము నాల్గవ మాసము. రెండేండ్లకొకమాఱు వచ్చు దీర్ఘపోషణపు ప్రతికి అయిదేండ్లు సవరణలిత్తురు. ఇట్టి దీర్ఘప్రతులలో మొదటిది ఏప్రిలున రాక, సిద్ధము కానందున 2006 జూనులో 6.06 సంఖ్యతో వచ్చెను. డెబియనువారు తేదీకి కట్టుబడక, సిద్ధమైనపుడు విడుదల చేయుట నియమముగా పెట్టుకొనిరి. వారి 3.0 ప్రతి 2002 జులైలో రాగా తరువాతి 3.1 ప్రతికి 2005 జూను వఱకు ఆగవలసివచ్చెను. ఇటీవల సుమారు రెండేండ్ల కొకటి వచ్చుచున్నది. నిలుకడకు డెబియను పేరు పొందినది. ఆ నిలుకడకు వెల యేమన, అందలి కెర్నెలు కొంత పాతదిగా నుండుట.

దీని ఫలమును ఒక ఉదాహరణముచే చూపెదను. ఉబుంటు 22.04 మొదట వెలువడినపుడు అందున్నది 5.15 కెర్నెలు. అది 2021 అక్టోబరు 31న పుట్టినది. ఇంటెలువారి కోర్ అల్ట్రా ప్రాసెసర్లు 2023 డిసెంబరులో వెలువడెను. రెండేండ్ల తరువాత పుట్టబోవు యంత్రభాగమును ఆ కెర్నెలు పూర్తిగా ఎఱిగియుండుననుకొనుట పొరపాటు. అయితే ఉబుంటువారు దీర్ఘప్రతిని మధ్యమధ్య పునర్ముద్రణము వలె వెలువరింతురు. 2024 ఫిబ్రవరి నాటి 22.04.4 కూర్పులో 6.5 కెర్నెలు ఉండెను. పేరు ఒక్కటియే, లోపలి పప్పు వేఱు. ఒకడు మూడేండ్లనాటి పెన్‌డ్రైవుతోను, ఇంకొకడు నిన్న దించుకొన్న ప్రతితోను ప్రయత్నించి, ఒకే లినక్సు వేసితిమని వాదులాడుట ఈ భేదము తెలియకపోవుటవలననే.

కాలము ఒక్కటియే కారణమని చెప్పినచో అసత్యమగును. తయారుచేయు సంస్థల గోప్యము రెండవ కారణము. చివరి సంఖ్యలు తెలిసినను, లోపలి మర్మము చెప్పనిచో డ్రైవరు వ్రాయుట కష్టము. 1990ల చివర విన్‌మోడెములనబడు చౌకమోడెములు వచ్చెను. పనిలో సగము విండోసు ప్రోగ్రామునకే అప్పగింపబడియుండుటచే అవి లినక్సునందు తఱచు మూగవై పోయెను. బ్రాడ్‌కాం సంస్థవారి వైఫై పలకలు ఎందఱనో యేడిపించెను. స్వచ్ఛందులు వాటి ప్రవర్తనమును పరిశీలించి పరిశీలించి డ్రైవరును వ్రాసిరి. తుదకు 2010 సెప్టెంబరులో ఆ సంస్థయే కొన్ని క్రొత్త పలకలకు మూలము గల డ్రైవరును వెలువరించెను. ఎన్విడియా సంస్థవారు చిత్రపు పలకల డ్రైవరు మూలమును చిరకాలము దాచిరి. 2012లో టోర్వాల్డ్సు ఒక సభలో వారిని బహిరంగముగా తిట్టెను. 2022 మే మాసమున వారు తమ క్రొత్త పలకల కెర్నెలు భాగపు మూలమును బయటపెట్టిరి. నడుమ 2007లో కెర్నెలు పెద్దలలో నొకడైన గ్రెగ్ క్రోహార్ట్‌మన్, మీ వస్తువు వివరములిచ్చినచో డ్రైవరును ఉచితముగనే వ్రాసిపెట్టెదమని సంస్థల నాహ్వానించెను. మర్మము నిచ్చిన వారి వస్తువులు లినక్సునందు త్వరగా పలుకుట ఆశ్చర్యము కాదు.

ఫర్మువేరు అనునది మఱియొక చిక్కు. పరికరము లోపలనే నడచు చిన్న ప్రోగ్రామిది. చాల పరికరములకు దీనిని యంత్రము మేల్కొన్నపుడెల్ల అందింపవలెను. దీని మూలము సాధారణముగా దొరకదు. స్వేచ్ఛానియమమును పాటించు డెబియనువారు ఇట్టి ఫర్మువేరును తమ ప్రధానకూర్పున చేర్చకుండిరి. అందుచే ఎందఱో నూతనులకు స్థాపన చేయువేళనే వైఫై నిలిచిపోవుచుండెను. నెట్టు లేనిదే ఫర్మువేరు రాదు, ఫర్మువేరు లేనిదే నెట్టు రాదు. 2022లో వారు తమలో తాము వోట్లు వేసికొని దానిని చేర్చుటకు నిశ్చయించిరి. 2023 జూనులో వెలువడిన డెబియను 12 నుండి ఆ బాధ చాలవఱకు తీఱినది. నియమము గొప్పదా, ద్వారమున నిలిచినవాడు లోపలికి వచ్చుట గొప్పదా యను తర్కము ఇంకను పూర్తికాలేదు గాని, నూతనుని కొఱకు వారు తలుపు తెఱచిరి.

క్రొత్తదానికి లినక్సు ఎల్లప్పుడు వెనుకబడునని తలపరాదు. యు.ఎస్.బి. 3.0 అను వేగవంతమైన సంధానమును అందఱి కంటె ముందు గుఱుతించిన సిస్టము లినక్సే. 2009 సెప్టెంబరు నాటి 2.6.31 కెర్నెలులో, అట్టి వస్తువులు అంగళ్లకు విరివిగా రాకమునుపే ఆ జ్ఞానము చేరెను. కార్యకర్తలకు వివరములు ముందుగా అందుటయే దానికి కారణము.

పాతదానిని లినక్సు ఎన్నడును విడువదనియు తలపరాదు. లినక్సు పుట్టినదే 386 ప్రాసెసరు మీద గదా. 2013 ఫిబ్రవరిలో వెలువడిన 3.8 కెర్నెలునుండి ఆ 386నే తొలగించిరి. తల్లియింటికే తలుపు మూసినట్లయినది. వాడువారు లేకపోవుట, ఆ పాత జాతికొఱకు ప్రతి మార్పునందును ప్రత్యేకశ్రమ పడవలసివచ్చుట కారణములు. డిస్ట్రిబ్యూషనులు కెర్నెలు కంటె ముందే విడుచుటయు కలదు. 32 బిట్ల ప్రాసెసరు మాత్రమే గల మిగుల పాత యంత్రమునకు 2025 ఆగస్టులో వెలువడిన డెబియను 13 స్థాపనప్రతిని ఇచ్చుట మానెను. అయినను ఒక సంస్థ లాభాపేక్షచే నిర్ణయించు గడువునకును, వాడువారు లేనపుడు విడుచుటకును భేదమున్నది. పదిపదునైదేండ్లనాటి 64 బిట్ల యంత్రములు లినక్సుతో నేటికిని చక్కగా సేవ చేయుచున్నవి.

ఇంతవఱకు చెప్పిన చరిత్రమునుండి నూతనుడు గ్రహింపదగిన పద్ధతి యిది. మొదట యంత్రము ఏ యేటిదో తెలిసికొనవలెను. అది నాలుగైదేండ్ల పాతదైనచో దీర్ఘపోషణపు ప్రతియో డెబియనో వేసికొనుట మేలు. దానికి కావలసిన డ్రైవర్లు అప్పటికే కెర్నెలులో చేరి, దోషములు తీఱియుండును. యంత్రము ఈ యేటిదైనచో మిక్కిలి క్రొత్త కెర్నెలు గల ప్రతి కావలెను. ఆఱు మాసముల కొకటి వచ్చు ఫెడోరాయో, ఉబుంటువారి నడిమి ప్రతియో, దీర్ఘప్రతి యొక్క తాజా కూర్పో తగును. పాత యంత్రమున క్రొత్త విడుదల వెలువడిన దినముననే పరుగెత్తనక్కఱలేదు. ఉబుంటువారే దీర్ఘప్రతినుండి దీర్ఘప్రతికి మాఱువారిని, కొన్ని మాసములకు మొదటి సవరణకూర్పు వెలువడిన పిమ్మట గాని పిలువరు.

రెండవది పరీక్ష. 2000వ సంవత్సరమున జర్మనీవాడైన క్లౌస్ నాపర్ వెలువరించిన నాపిక్సు, సీడీనుండియే నడచుచు, యంత్రములోని డిస్కును ముట్టక లినక్సును చూపు పద్ధతిని లోకమున వ్యాప్తము చేసెను. నేడు పెన్‌డ్రైవుతో అట్లే చేయవచ్చును. వైఫై తగులుచున్నదా, శబ్దము వినవచ్చుచున్నదా, మూత మూసి తెఱచినపుడు మరల మేల్కొనుచున్నదా, ప్రింటరు పలుకుచున్నదా, ఇవి చూచిన పిమ్మటనే స్థాపన చేయవలెను. అంతకుముందు ఇంటి ఛాయాచిత్రములను, కాగితముల నకళ్లను వేఱొకచోట భద్రపఱుపవలెను. వైఫై ఒక్కటి పలుకనిచో నిరాశపడనక్కఱలేదు. సెల్‌ఫోనును తీగతో కలిపి దాని నెట్టును వాడుకొని క్రొత్త కెర్నెలును తెప్పించుకొనవచ్చును.

పెద్దలారా, లినక్సు మనకు పరదేశి కాదు. మీ మనుమల చేతిలోని ఆండ్రాయిడు ఫోనులన్నిటియందు 2008 నుండి ఉన్నది ఈ కెర్నెలే. ప్రపంచమున మిగుల వేగవంతములని లెక్కింపబడు 500 కంప్యూటర్లు 2017 నవంబరునుండి దీనితోనే నడచుచున్నవి. హైదరాబాదున స్వేచ్ఛ యను సంస్థవారు తెరమీది మాటలు తెలుగున కానవచ్చునట్లు ఒక లినక్సు కూర్పును సిద్ధపఱచిరి. మూలము తెఱచియుండుటచేతనే అది సాధ్యమైనది. ఇతరులు అనుమతింపవలెనని వేచియుండనక్కఱలేకపోయినది.

విద్యను దాచినచో అది యొకరితో పోవును, పంచినచో తరతరములకు నిలుచును. ముప్పదియేండ్లకు పైబడిన ఈ చరిత్రమున, ఎచ్చట యంత్రమర్మమును చెప్పిరో అచ్చట పరికరము పలికినది, ఎచ్చట దాచిరో అచ్చట మూగవోయినది. కావున అటుకమీదికి చేర్చదలచిన పాత యంత్రమును ఒక్కమాఱు దించి, దాని పుట్టిన యేటిని చూచి, తగిన ప్రతితో పరీక్షించుడు. ఒక బాలునకో బాలికకో అది ఇంకొక అయిదేండ్లు పలకగా బలపముగా పనికివచ్చినచో, మీరు వెచ్చించిన పూట వ్యర్థము కాదు.

సెలవు.